చెప్పినట్లు వినే తేనెటీగ

నవరసాలలో భయానకం ఒకటి అయినా మన కావ్యాలలో దానికి దక్కిన స్థానం స్వల్పమే. శృంగార వీర కరుణాలు కావ్యాలకు కావ్యాలనే ఆక్రమించుకొనగా, భయానకం ఏ శ్మశాన వర్ణనలోనో, ఏ యుద్ధరంగంలోనో నాలుగు పద్యాల పాటు తలచూపి తప్పుకొన్నది. ఆ లోటును ఇప్పుడు టెలివిజను తీర్చుతున్నది. అయితే ఆలంబనం మారినది. పూర్వం భయపెట్టినవి పిశాచం, పులి, కారుచీకటి. ఇప్పుడు భయపెట్టుతున్నది మనమే డబ్బిచ్చి కొని, మురిసిపోయి ఇంట పెట్టుకొన్న యంత్రం. విజ్ఞాన కల్పన అనే పేరుతో వచ్చే ఈ కథలను కాలక్షేపపు సరుకుగా తీసిపారవేసే సాహిత్యవేత్తలు మనలో ఇంకా ఉన్నారు. వానిలో కాలక్షేపపు సరుకు ఎక్కువే. కాని అప్పుడప్పుడు ఒక కథ, తప్పులతో కూడుకొన్నదే అయినా, మన ఊరి పొలాన్ని మనకు క్రొత్తగా చూపించి పోతుంది. అట్టి కథ ఒకటి ఈ వ్యాసానికి విషయం.

ఆంగ్ల రచయిత చార్లీ బ్రూకర్ కల్పించిన 'బ్లాక్ మిర్రర్' అనే కథామాలిక 2011లో బ్రిటనులోని చానల్ 4లో ప్రారంభమై, 2016 నుండి నెట్‌ఫ్లిక్స్ ద్వారా అనేక దేశాలకు చేరుతున్నది. ఒక్కొక్క భాగం ఒక్కొక్క స్వతంత్ర కథ. నల్లని అద్దం అనగా ఆరిపోయిన తెర. అందులో కనపడేది చూచేవాని ముఖమే. ఈ మాలిక మూడవ సంపుటిలో ఆరవ కథ 'హేటెడ్ ఇన్ ది నేషన్'. దేశమంతా ద్వేషించినవారు అని దాని భావం. 2016 అక్టోబరు 21న వెలువడినది. దర్శకుడు జేమ్స్ హాస్. నిడివి 89 నిమిషాలు. అనగా దాదాపు ఒక చలనచిత్రమంత.

కథ సమీప భవిష్యత్తులో బ్రిటనులో జరుగుతుంది. తేనెటీగలు నశించినవి. పూలలో పరాగ సంపర్కం ఆగిపోకుండా ఒక సంస్థ యంత్రపుటీగలను తయారు చేసి దేశమంతటా విడిచిపెట్టినది. తమ వంటి ఈగలను అవి తామే తయారు చేసుకొనగలవు. ఇట్లుండగా, అంగవైకల్యం గల ఒక ఉద్యమకారిణిని కించపరుస్తూ వ్రాసిన పత్రికా రచయిత్రి ఇంట్లో శవమై కనబడుతుంది. ఆమె చావాలని వేలమంది సామాజిక మాధ్యమాలలో కోరిన వెనువెంటనే ఆ మరణం. తరువాత, తన్ను అభిమానించే పసివాణ్ణి ఎగతాళి చేసిన గాయకుడు పోతాడు. అటుపిమ్మట, యుద్ధవీరుల స్మారకం వద్ద అవమానకరమైన ఛాయాచిత్రం తీయించుకొన్న యువతి వంతు వస్తుంది. ఏ రోజున ఎవరి పేరుకు 'చావు' అనే మాట ఎక్కువసార్లు జతపడితే ఆ సాయంకాలానికి వారు మరణిస్తారు. చంపేది యంత్రపుటీగ. మెదడులో బాధను గ్రహించే చోటికి తొలుచుకొని పోయి, ఆ బాధతో మనిషి తన్ను తానే అంతం చేసుకొనేటట్లు చేస్తుంది.

పరిశోధనకు దిగిన ఇద్దరు స్త్రీ పోలీసు అధికారులకు రెండు రహస్యాలు తెలుస్తవి. మొదటిది, ఆ ఈగలకు ప్రభుత్వం రహస్యంగా కన్నులు పెట్టినది. ముఖాలను గుర్తుపట్టే శక్తి ఇచ్చినది. పరాగ సంపర్కం పేరిట ఎగిరినవి ప్రజలను కనిపెట్టి ఉండే గూఢచారులు. రెండవది, దుండగుని అసలు లక్ష్యం ద్వేషింపబడిన ఆ ముగ్గురు కారు, ద్వేషించినవారు. 'చావు' అని వ్రాసిన 3,87,036 మంది జాబితా ఈగలకు అందుతుంది. ఆ వ్రేళ్ల యజమానులందరూ మరణిస్తారు.

ఈ కథ భయపెట్టుతుందా అంటే నిస్సందేహంగా భయపెట్టుతుంది. పోలీసులు ఆ యువతిని ఊరికి దూరంగా ఒక ఇంట దాచి తలుపులు బిగించిన ఘట్టమే అందుకు నిదర్శనం. మొదట కిటికీ అద్దం మీద ఒక ఈగ, పిదప పది, పిదప అద్దమంతా నలుపు. వెలుతురు తగ్గే కొద్దీ ఝుంకారం పెరుగుతుంది. చివరకు గాలి వచ్చే చిన్న రంధ్రమే మృత్యుద్వారం అవుతుంది. 1963లో హిచ్‌కాక్ తీసిన 'ది బర్డ్స్' చిత్రాన్ని చూచినవారికి ఈ పద్ధతి పరిచితమే. చిన్న ప్రాణి పెద్ద సంఖ్యలో వచ్చినప్పుడు కలిగే భయం మిక్కిలి ప్రాచీనమైనది.

ఇక దోషాలు. డిటెక్టివు కథల మామూలు తంతుతో నిడివి సాగినది. తొందరపాటు మాటల ఫలితాన్ని జనులకు తెలియజెప్పదలచినవాడు లక్షలమందిని చంపడంలోని వైరుధ్యాన్ని కథ గట్టిగా ప్రశ్నింపదు. వేళాకోళానికి వ్రాసినవానికీ, విషంతో వ్రాసినవానికీ ఒకే దండన పడితే ఆ న్యాయం ఎట్టిదో విచారింపదు. పతాక సన్నివేశంలో, దుండగుడే విడిచిన సాధనాన్ని, అది ఉచ్చు కావచ్చునని తోడి అధికారిణి చెప్పుతూ ఉండగానే ప్రభుత్వాధికారి నొక్కివేస్తాడు. కథ ముగియవలసి ఉన్నది కనుక నొక్కినట్లున్నదే తప్ప ఆ పాత్ర స్వభావం వలన కాదు. ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్న క్షేమేంద్రుడు దీనిని క్షమించి ఉండడు. అన్నింటికంటె పెద్ద దోషం వేరొకటి. తేనెటీగలు నశించిన సంగతిని కథ ఒకటి రెండు మాటలలో చెప్పి దాటిపోతుంది. ఎవరు చంపినారు? ఎట్లు పోయినవి? పోయినప్పుడు ఎవరైనా ఏడ్చినారా? సమాధానం లేదు.

ఇంత దోషవిచారం ఎందుకని పాఠకులు అడుగవచ్చును. భయంకరమైన భవిష్యత్తును చెప్పించుకొని వినడం మన కర్నూలు, కడప సీమలకు క్రొత్త కాదు. పోతులూరి వీరబ్రహ్మంగారు బనగానపల్లె వద్ద రవ్వలకొండలో కాలజ్ఞానం వ్రాసినారనీ, కందిమల్లయపల్లెలో జీవసమాధి పొందినారనీ తరతరాలుగా చెప్పుకొంటున్నాము. వింత ఏది జరిగినా దానికి కాలజ్ఞానంలో చోటు వెదకడం మన అలవాటు. కాని ప్రవచనానికీ విజ్ఞాన కల్పనకూ భేదం ఉన్నది. 'ఇది జరుగుతుంది' అంటుంది ప్రవచనం. వినేవాడు ఎప్పుడని మాత్రమే అడుగుతాడు. 'ఇట్లు చేస్తే ఇట్లు జరుగవచ్చును' అంటుంది విజ్ఞాన కల్పన. కనుక దానిని ఎట్లని అడిగే హక్కు వినేవానికి ఉన్నది. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'లో భవిష్యత్తు మానవులు భూమి అడుగున బ్రతుకుతుంటే, దానికి కారణం అణుయుద్ధమని తెలుగు ప్రేక్షకునికి చెప్పవలసి వచ్చినది. కార్యకారణాల ముడి వదులైన చోట విజ్ఞాన కల్పన మళ్లీ ప్రవచనం అవుతుంది. ఈ కథలో ఆ ముడి వదులైనది తేనెటీగ వద్దనే.

అయినా ఆ భయం నన్ను విడిచిపెట్టలేదు. కారణం నాకు బోధపడినది తరగతి గదిలో. ఆధునిక కథాప్రక్రియలను గూర్చిన పాఠంలో ఈ ఇతివృత్తాన్ని వివరిస్తుండగా, కోయిలకుంట్ల ప్రాంతపు విద్యార్థి ఒకడు లేచి, "సార్, మా యమ్మ చిన్నప్పుడు క్రాసింగు పనికి పొయ్యేది. ఆ ఈగలు చేసేది గూడా అదే పని గదా!" అన్నాడు. తరగతిలో కొందరు నవ్వినారు. పల్లెల నుండి వచ్చినవారు నవ్వలేదు.

క్రాసింగు అంటే ఏమో పట్టణ పాఠకులకు చెప్పవలసి ఉన్నది. సంకర పత్తి వంగడాన్ని వాణిజ్యపు సేద్యానికి ప్రపంచంలో మొట్టమొదట విడుదల చేసినది భారతదేశమే. 1970లో, సూరతు పరిశోధన కేంద్రం నుండి. సంకర విత్తనం పండించాలంటే ఒక జాతి పువ్వు పుప్పొడిని మరొక జాతి పువ్వు కీలాగ్రానికి చేర్చాలి. పత్తి పువ్వులో పుప్పొడి, కీలం రెండూ ఉంటవి కనుక, వదలివేస్తే అది తనతో తానే ఫలిస్తుంది. అందుచేత రేపు విచ్చుకొనే మొగ్గను నేటి సాయంకాలమే గుర్తించి, రేకులనూ కేసరాలనూ గోటితో ఒలిచివేయాలి. లోపలి కీలం చెక్కుచెదరరాదు. మరునాటి ఉదయం మగపువ్వును తెచ్చి దానికి రాయాలి. పువ్వు ఆయువు ఒక్క పగలు. సీడుపత్తి చేలలో ఈ పని సుమారు మూడు నెలలు, ఒక్క దినమైనా విరామం లేక సాగాలి. మొగ్గలు లక్షలు, ప్రతి మొగ్గకూ ఒక చేయి.

ఆ చేతులు ఎవరివి? 1990ల దశకం నుండి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సీడుపత్తి చేలను పరిశీలించిన దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు, అవి ఎక్కువగా పదునాలుగేండ్లు నిండని పిల్లలవని, వారిలో అధికులు బాలికలని వెల్లడించినారు. తల్లిదండ్రులకు ముందుగా బయానా ఇచ్చి, పంటకాలమంతటికీ పిల్లను మాట్లాడుకొనేవారు. చిన్న వ్రేళ్లు పువ్వును నలపవనేవారు. అసలు కారణం అది కాదు. పెద్దలకు ఇచ్చే కూలి పిల్లలకు ఇయ్యనక్కరలేదు. పిల్లలు ఎదురు చెప్పరు. ఎన్ని గంటలైనా నిలబడతారు. పురుగుమందు చల్లిన చేనిలోనే వారు రోజంతా తిరిగినారు. బడికి పోవలసిన వయస్సు పువ్వు తరువాత పువ్వుగా గడచిపోయినది.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనింపవలసి ఉన్నది. ఆ చేలలో పిల్లలను నిలిపినది తేనెటీగలు లేక కాదు. తేనెటీగ చెప్పినట్లు వినదు గనుక. ఫలానా చేనిలోని మగపువ్వు పుప్పొడిని ఫలానా వరుసలోని ఆడమొక్కకే చేర్చుమంటే అది వినదు. దాని ఇష్టం వచ్చిన పువ్వు మీద వ్రాలుతుంది. విత్తన వ్యాపారానికి కావలసినది తేనెటీగ పనిని తేనెటీగ కంటె విధేయంగా చేసే ప్రాణి. కథలోని సంస్థకు అది యంత్రంగా దొరికినది. మన సీమలో అది ఆడపిల్లగా దొరికినది.

తేనెటీగను మనిషి ఏనాడూ శాసింపలేదు. దానితో పొత్తు కుదుర్చుకొన్నాడు, అంతే. నల్లమలలోని చెంచులు కొండచరియలకు వ్రేలాడే పెరతేనెను తాడు పట్టుకొని దిగి తీస్తారు. పైన తాడు పట్టుకొని నిలుచునేవాడు బావమరిది. అక్కచెల్లెలి పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నవని ఎరిగినవాడే ఆ తాడును విడువడన్నది వారి యుక్తి. తుట్టెనంతా దోచక కొంత వదలివేయడం వారి మర్యాద. మైదానంలో పొద్దుతిరుగుడు రైతుకూ ఈ పొత్తే ఆధారం. ఈగ వ్రాలకపోతే గింజ తాలు పోతుంది. అందుకే పూత సమయంలో పురుగుమందు చల్లవద్దనీ, పొలంలో తేనెపెట్టెలు ఉంచుమనీ, ఈగలు తక్కువైతే ఉదయం పూట మెత్తని గుడ్డతో పువ్వు మీద సుతారంగా రుద్దుమనీ వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుతారు. ఆ గుడ్డ ముక్క కూడా తేనెటీగకు బదులే. చైనాలో సిచువాన్ రాష్ట్రపు హన్‌యువాన్ ప్రాంతంలో రైతులు బేరిచెట్లు ఎక్కి, ఈకల కుంచెలతో పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దుతున్న ఛాయాచిత్రాలు ప్రపంచమంతా చూచినదే. అక్కడ ఈగలు తగ్గడానికి పురుగుమందులు ఒక ముఖ్య కారణం.

కథ దాటవేసిన ప్రశ్నకు సమాధానం ఇక్కడనే ఉన్నది. 2006-07 శీతకాలంలో అమెరికాలో తేనెపెట్టెలు అకస్మాత్తుగా ఖాళీ అయినప్పుడు దోషాన్ని ఎవరూ ఒక్కదాని మీద మోపలేకపోయినారు. పరాన్నజీవులు, తెగుళ్లు, ఆహారలోపం, పురుగుమందులు అన్నీ కలిసినవన్నారు. పురుగుమందులలో నియోనికోటినాయిడ్ జాతికి చెందిన మూడింటిని ఆరుబయలు సేద్యంలో వాడరాదని యూరోపియను సమాఖ్య 2018లో నిషేధించినది. ఆ మూడింటిలో ఒకటైన ఇమిడాక్లోప్రిడ్ మన పత్తిరైతుకు చిరపరిచితమైన పేరు. ఒక చేతితో ఈగను చంపి, మరొక చేతితో ఈగకు బదులు వెదకుకొనే స్థితి కల్పన కాదు.

బదులు యంత్రమూ కల్పన కాదు. హార్వర్డు శాస్త్రజ్ఞులు కాగితపు ముక్కంత తేలికైన యంత్రకీటకాన్ని సన్నని తీగ ఆధారంతో ఎగురవేసిన వార్త 2013లోనే వెలువడినది. 2017లో జపాను శాస్త్రజ్ఞులు చిన్న డ్రోనుకు గుర్రపు వెండ్రుకలు అతికించి, జిగురు పూసి, లిల్లీ పువ్వుల మధ్య పుప్పొడిని మోయించినారు. అది ఈ కథ వెలువడిన మరుసటి ఏడే.

మన సీమలోనే యంత్రపు రెక్కలకు పుట్టినిల్లు సిద్ధమవుతున్నది. 1990ల దశకంలో మహిళా పొదుపు సంఘాల ద్వారా పేరు పొందిన ఓర్వకల్లు వద్ద, 300 ఎకరాలలో డ్రోను కేంద్రం నెలకొల్పుతామని 2024 అక్టోబరులో అమరావతి డ్రోన్ సదస్సులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రకటించినారు. అంతకు ముందు 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం 15,000 మహిళా సంఘాలకు డ్రోనులు ఇచ్చే నమో డ్రోన్ దీదీ పథకాన్ని 1,261 కోట్ల రూపాయలతో ఆమోదించినది. ఇది మంచిపని కాదని ఎవరు అనగలరు? వీపున మందు డబ్బా మోసి, ఆ విషపు గాలి పీల్చిన కూలివానికి డ్రోను నిజమైన ఉపకారి. పనుల కోసం బెంగుళూరు, హైదరాబాదు పోయే మన పిల్లలకు ఓర్వకల్లులో ఉద్యోగం దొరికితే సీమకు అంతకన్న కావలసినది లేదు. యంత్రాన్ని చూచి గుండెలు బాదుకొనడం సాహిత్యవేత్తకు తగదు.

చూడవలసినది యంత్రాన్ని కాదు, దాని విధేయతను. విధేయత ఎప్పుడూ ఒక పనికే పరిమితమై ఉండదు. పువ్వు మీద వ్రాలుమంటే వ్రాలే యంత్రం, మనిషి మీద వ్రాలుమన్నా వ్రాలుతుంది. కథలోని ఈగకు పరాగం పేరిట అనుమతి వచ్చినది. ఆ అనుమతి చాటున కన్నులు వచ్చినవి. ఆ కన్నులను ఎవడో దుండగుడు దొంగిలించినాడు. ప్రభుత్వం కన్నులు పెట్టకుండా ఉంటే దొంగిలించడానికి ఏమీ ఉండేది కాదు. కథ ఈ సత్యాన్ని కనుగొన్నది; కనుగొని, ఛేదన కథ తొందరలో జారవిడిచినది.

మన రాష్ట్రంలో పోలీసులు డ్రోనులతో గంజాయి తోటలను వెదకుతున్నారు; జనసమ్మర్దాలను కనిపెట్టుతున్నారు; పొదలచాటున పేకాట ఆడేవారిని, బహిరంగ స్థలాలలో మద్యం త్రాగేవారిని పట్టుకొంటున్నారు. గంజాయి తోటను వెదకవద్దని ఎవరూ అనరు. కాని ఏ పనికి ఎగిరిన యంత్రం ఏ పనిని చూడవచ్చును, చూచినదానిని ఎన్నాళ్లు దాచవచ్చును అన్న విషయంలో పల్లెలోని మనిషికి తెలిసినది శూన్యం. పార్లమెంటు 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేసినది. ఆ చట్టం నుండి ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉన్నది. తాళమూ, తాళపు చెవీ ఒకరి మొలనే ఉన్నట్లు.

ఈ దోషం ప్రభుత్వానిదే అనుకొని మనం చేతులు కడుగుకొనరాదు. ఆకాశంలో యంత్రాన్ని చూచి, పేక ముక్కలు చెల్లాచెదరుగా విడిచి, పంచె ఎగగట్టుకొని పరుగెత్తే మనిషి దృశ్యం సామాజిక మాధ్యమాలలో తిరిగినప్పుడు మనం ఏమి చేసినాము? నవ్వినాము, నలుగురికి పంపినాము. అతడు చేసినది తప్పే కావచ్చును. కాని ఒకని అవమానం లక్షలమందికి వినోదం కావడానికి ఆ తప్పు చాలునా? కథలోని 3,87,036 మందీ ఇట్టివారే. వారు హంతకులు కారు. ఒక వేళాకోళపు మాట వ్రాసి, ఫోను ప్రక్కన పెట్టి, అన్నానికి లేచినవారు. నా ఒక్కని మాట వల్ల ఏమవుతుందనుకొన్నవారు. ఆజ్ఞ ఇచ్చినామని తెలియకుండా ఆజ్ఞ ఇచ్చినవారు. విధేయమైన యంత్రం ఉన్నచోట ఇట్టి ఆజ్ఞలకు కూడా రెక్కలు వస్తవి. మన భాషలోని సామాజిక మాధ్యమాలలో నాయకుల ఇంటి ఆడవారిని గూర్చి వ్రాసే వ్రాతలను చదివిన తరువాత, ఈ కథ బ్రిటనుకు మాత్రమే చెందుతుందని అనలేము.

ఈ కథాఖండంలో శిల్పలోపాలు ఉన్నవి. ముగింపు బలహీనం. నేరస్థుని తర్కం అతుకుల బొంత. అయినా ఇది చూడదగినది, తరగతి గదులలో చర్చింపదగినది. దోషరహితమైన కథ తన ప్రశ్నకు తానే సమాధానం చెప్పి మనలను నిద్రపుచ్చవచ్చును. ఈ కథ చెప్పకుండా విడిచిన సమాధానాన్ని మనం మన పొలంలో వెదకుకొనవలసి వచ్చినది.

ఆ పొలమే ఒక ధైర్యాన్ని కూడా ఇస్తున్నది. సీడుపత్తి చేలలో ఈ చేతులు ఎవరివని పరిశోధకులు అడిగినారు, బడిపంతుళ్లు అడిగినారు, బాలల హక్కుల కార్యకర్తలు ఊరూరా తిరిగి తల్లులను అడిగినారు. కొనుగోలుదారు దేశాలలో వినియోగదారులూ అడిగినారు. 2010లో విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చినది. 2016 సవరణ పదునాలుగేండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకొనడాన్ని నిషేధించినది. కుటుంబపు పనులకు మాత్రం మినహాయింపు మిగిల్చినది. సమస్య పూర్తిగా పోలేదు. కొంత పొరుగు ప్రాంతాలకు జరిగినది, కొంత వయస్సు మారినది. కాని క్రాసింగు పనికి పోయిన తల్లి కొడుకు నేడు డిగ్రీ తరగతిలో కూర్చుండి, విదేశపు కథ ఒకటి విని, అందులో తన తల్లిని గుర్తుపట్టగలిగినాడు. అడిగినందువలన వచ్చిన మార్పు ఇది.

ఓర్వకల్లు మైదానంలో రెక్కలు లేవకముందే అడుగవలసినవి కొన్ని ఉన్నవి. ఈ యంత్రం ఎవరి మాట వింటుంది? ఏ పనికని చెప్పి ఎగిరినది, ఆ పని దాటితే ఎవరు బాధ్యులు? దాని కంటపడిన రైతుకు, కూలివానికి, ఆ చిత్రాన్ని తొలగించమని అడిగే చోటు ఏది? ఈ ప్రశ్నలు గ్రామసభలో తెలుగులో అడుగదగినంత సులభమైనవి. తెలుగులో సమాధానం రాబట్టదగినవి. కథలోని బ్రిటనులో ఈగలు ఎగిరిన నాడు ఇవి అడిగినవారు కనపడరు. విచారణ సంఘం కూర్చున్నది అందరూ చనిపోయిన తరువాత.